తలనొప్పి లేని రోజు వేసుకోవాల్సిన మాత్ర

ముప్పై ఏళ్లకు పైగా తలనొప్పులు చూశాను. బయటివే చెబుతున్నాను, ఇంట్లోవి కలపలేదు. సికింద్రాబాద్ కార్ఖానాలో మెయిన్ రోడ్డు మీద, ఒక మెడికల్ షాపు నెత్తిన, మొదటి అంతస్తులో నా క్లినిక్కు ఉండేది. బోర్డు మీద ‘నరాల వైద్య నిపుణులు’ అని రాయించాను. అది చదివి నడుంనొప్పి వాళ్లూ, నిద్ర పట్టనివాళ్లూ, ‘మావాడికి నరాల్లో కోపం ఎక్కువండీ’ అంటూ కొడుకులను లాక్కొచ్చే తండ్రులూ వచ్చేవారు. అందరికంటే ఎక్కువమంది వచ్చింది మాత్రం మైగ్రేన్ వాళ్లే.

క్లినిక్కు మూసేశాక ఒక యువ డాక్టరు ఇంటికొచ్చి, “సార్, మైగ్రేన్ రాకుండా ముందుగా ఇచ్చే మందుల్లో ఏది బెస్టు?” అని అడిగాడు. ఒక్క పేరు చెబితే రాసుకుని వెళ్లిపోదామని పెన్ను కూడా తీశాడు. నేను గంటన్నర మాట్లాడాను. వెళ్లేటప్పుడు చూస్తే అతని కాగితం మీద ఏమీ లేదు. అందుకని ఇదంతా నేనే రాస్తున్నాను.

ఎవరికీ నచ్చని మాత్ర

మైగ్రేన్‌కు మందులు రెండు రకాలు. ఒకటి, నొప్పి వచ్చినప్పుడు వేసుకునేది. దాన్ని చెప్పడానికి డాక్టరు అక్కర్లేదు, పక్కింటాయన చాలు. రెండోది, నెలలో చాలా రోజులు నొప్పితో మంచం పట్టేవాళ్లకు, ఆ నొప్పి రాకుండా ఇచ్చేది. దాన్ని రోజూ వేసుకోవాలి. తల శుభ్రంగా ఉన్న రోజున కూడా వేసుకోవాలి. గుణం తెలియడానికి ఒకటి రెండు నెలలు పడుతుంది. బాగా పనిచేసినా తలనొప్పి పూర్తిగా పోదు, సగానికి తగ్గుతుంది. ఇన్ని సుగుణాలున్న సరుకును అమ్మడం ఎంత కష్టమో మీరే ఆలోచించుకోండి.

“తలనొప్పి లేనప్పుడు మాత్రెందుకండీ?” అని అడగని పేషెంటు నాకు గుర్తులేడు.

దీనికి తోడు, ఆ రోజుల్లో మా చేతిలో ఉన్న మందుల్లో ఒక్కటీ మైగ్రేన్ కోసం పుట్టింది కాదు. ఒకటి బీపీది. ఒకటి ఫిట్స్‌ది. ఒకటి మనోవ్యాధిది. వేరే జబ్బుకు వాడుతుంటే తలనొప్పి కూడా తగ్గిందని తెలిసి ఇటు లాక్కొచ్చినవి. నేను ఇరవై నిమిషాలు కూర్చోబెట్టి ఇదంతా విడమరిచి చెప్పేవాడిని. పేషెంటు తృప్తిగా మెట్లు దిగేవాడు. కింద మెడికల్ షాపాయన చీటీ చూసి, “ఫిట్సు ఎవరికండీ ఇంట్లో?” అని ప్రేమగా అడిగేవాడు. పేషెంటు మళ్లీ మెట్లెక్కేవాడు. నా మెట్లు అరిగింది కొత్త పేషెంట్ల వల్ల కాదు.

ఊపిరితో బతికేవాడు

సొంత క్లినిక్కు పెట్టక ముందు ఒక ఆసుపత్రిలో పనిచేశాను. అక్కడ మా పై డాక్టరు రంగనాథంగారు. గొప్ప చెయ్యి, గొప్ప కన్ను, దుర్వాసుడి నోరు. రౌండ్లకు వస్తున్నారంటే నర్సుల కంటే ముందు మేం దాక్కునేవాళ్లం. మనిషిని నిలబెట్టి తిట్టేవారు కాదు, కూర్చోబెట్టి తిట్టేవారు. అది ఇంకా ఘోరం.

ఆయన మైగ్రేన్‌కు ఎక్కువగా ఒక బీపీ మాత్ర రాసేవారు. ప్రొప్రనొలాల్. గుండె వేగాన్ని తగ్గించే మందు. తలనొప్పుల మీద బాగా పనిచేస్తుంది. ఆయన రాస్తున్నారు కాబట్టి నేనూ రాసేవాడిని. ఆయన రాసే ముందు ఏం అడుగుతున్నారో వినలేదు. చేతిని చూశాను గాని చెవి పెట్టలేదు.

బోయిగూడ నుంచి జహంగీర్ అని పెళ్లి బ్యాండు మేస్త్రీ వచ్చాడు. ట్రంపెట్ వాయిస్తాడు. వారానికి రెండుసార్లు తల పగిలేంత నొప్పి. అంత నొప్పిలో చెవి పక్కన డోలు మోగుతుంటే ఎలా ఉంటుందో అతను చెబుతుంటే నాకే కళ్లు తిరిగాయి. జాలిపడి వెంటనే మాత్ర రాసి పంపాను.

పదిరోజుల తర్వాత ఒక మధ్యాహ్నం, బంగారు గుండీల ఎర్రకోటు వేసుకున్న జహంగీర్‌ను ఇద్దరు డోలువాళ్లు చెరో భుజం పట్టుకుని తీసుకొచ్చారు. ఊపిరి ఆడటం లేదు. ఛాతీలో పిల్లికూతలు.

“సాబ్, బరాత్ షురూ అయింది. బాజాల హవా పోతలేదు సాబ్. ఎంత ఊదినా ‘సుయ్’ అంటున్నది,” అన్నాడు, మాట మాటకూ ఆగుతూ.

“ఇంతకుముందు ఎప్పుడైనా ఇలా అయిందా?”

“చిన్నప్పుడు దమ్ము ఉండె సాబ్. చలికాలంల ఇప్పటికి సుత జెర వస్తది.”

దమ్ము అంటే ఉబ్బసం. ఉబ్బసం ఉన్నవాడికి ఆ మాత్ర ఇవ్వకూడదని మొదటి సంవత్సరం పిల్లలకు కూడా తెలుసు. నాకూ తెలుసు. అడగడమే తెలియలేదు. ఆక్సిజన్ పెట్టి, ఇంజక్షన్ చేసి, రెండు గంటలకు ఊపిరి దారిలో పెట్టాం. ఆ రెండు గంటలూ పెళ్లికొడుకు గుర్రం మీద, బాజా మా వార్డులో. డోలువాళ్లు వెళ్లి ఒట్టి డోళ్లతో పెళ్లికొడుకును మండపానికి చేర్చారట.

సాయంత్రం రంగనాథంగారు నన్ను కూర్చోబెట్టారు.

“ఏమయ్యా మూర్తీ, అతను ఏం పని చేస్తాడో అడిగావా?”

“అడిగానండి. ట్రంపెట్ వాయిస్తాడండి.”

“ఊపిరి సంగతి అడిగావా?”

నేను జేబులోని పెన్ను తీసి మూత బిగించాను.

“ఊపిరితో బతికేవాడిని ఊపిరి గురించి అడగలేదు. భేష్.” తర్వాత, ఆ నోటితోనే అంత మెత్తగా మాట్లాడగలరని నాకు తెలియనంత మెత్తగా అన్నారు. “మందులన్నీ మంచివేనయ్యా. ప్రతి మందూ తలనొప్పిని కొంత తీసుకుంటుంది, దాంతోపాటు ఇంకేదో కూడా తీసుకుంటుంది. ఒకటి నిద్ర మీద పడుతుంది, ఒకటి ఒంటి మీద, ఒకటి ఊపిరి మీద. ఎదురుగా కూర్చున్న మనిషి దేన్ని పోగొట్టుకోలేడో ముందు కనుక్కో. మందు పేరు చివర్న రాయి.”

మర్నాడు జహంగీర్ మంచం దగ్గరికి తీసుకెళ్లి, అందరి ముందూ నాచేత క్షమాపణ చెప్పించారు. జహంగీర్ కంగారుపడి, “అరె, డాక్టర్ సాబ్, పర్వా లేదు, తప్పులు మేం సుత వాయిస్తం,” అన్నాడు. ఆ మాటకు రంగనాథంగారు నవ్వారు. ఆయన నవ్వగా నేను చూసింది అదొక్కసారే.

సుగుణ ఎక్సెల్ షీటు

తర్వాత కార్ఖానాలో క్లినిక్కు పెట్టాను. నాకు సాయంగా యాదమ్మ ఉండేది. నర్సు చదువు చదివింది, నా కంటే అయిదేళ్లు పెద్దది. బీపీ చూడటం, పేర్లు పిలవడం, బెంచీ మీద కూర్చున్నవాళ్ల పుట్టుపూర్వోత్తరాలు సేకరించడం ఆమె పనులు. మూడోది నేను చెప్పిన పని కాదు.

అది కంప్యూటర్ కంపెనీలు పుట్టగొడుగుల్లా లేచిన కాలం. కార్ఖానా, నేరేడ్‌మెట్ సందుల్లో పొద్దున్నే కంపెనీ వ్యాన్లు వచ్చి పిల్లలను ఎక్కించుకుని మాదాపూర్ వైపు పోయేవి. ఆ పిల్లల జీతాలు మా తరానికి ఆశ్చర్యం. వాళ్ల తలనొప్పులు నాకు జీవనాధారం.

సుగుణ నేరేడ్‌మెట్‌లో ఉండేది. ఇరవై ఎనిమిదేళ్లు. వాళ్లది విజయనగరం వైపు. ఇంట్లో భర్త, అత్తగారు. సాఫ్ట్‌వేర్ కంపెనీలో టీమ్ లీడరు, రోజూ అమెరికా క్లయింటుతో ఫోన్లో మాట్లాడే ఉద్యోగం. నల్లకళ్లద్దాలు, తలకు బిగించి కట్టిన చున్నీతో వచ్చింది. యాదమ్మ ఎవరో సినిమా మనిషనుకుని ముందు పంపించింది.

“నెలలో పన్నెండు రోజులండీ. వెలుతురు చూడలేను. కంప్యూటర్ అంటేనే వెలుతురు కదండీ,” అంది సుగుణ. “వచ్చే నెల నుంచి పెద్ద ప్రాజెక్టు నాకిస్తామన్నారు. ఇలాగే సెలవులు పెడితే ఇంకొకరికి ఇచ్చేస్తారు.”

హ్యాండ్‌బ్యాగులో నొప్పి మాత్రలు పిప్పరమెంట్లలాగా వేసుకుని తిరుగుతోంది. రోజూ తింటే ఆ మాత్రలే నొప్పిని పెంచుతాయని చెప్పి, ముందు వాటిని మాన్పించాను. ఎప్పుడెప్పుడు నొప్పి వస్తుందో ఒక నోటుబుక్కులో రాసుకు రమ్మన్నాను.

ఆమె ఎక్సెల్ షీటు తెచ్చింది. రంగులు వేసి. నిద్ర ఒక కాలమ్, భోజనం వేళ ఒకటి, ఆఫీసు పని ఒత్తిడి ఒకటి, ‘అత్తగారు’ అని ఒకటి. నేను శ్రద్ధగా చూశాను. నిద్ర తగ్గినా, భోజనం తప్పినా నొప్పి వస్తోంది. అత్తగారి కాలమ్‌కూ నొప్పికీ ఏ సంబంధమూ కనబడలేదు. ఆ మాట చెబితే సుగుణ కాస్త నిరాశపడింది.

అప్పటికి నేను జహంగీర్ పాఠం బాగా నేర్చుకున్నాననే నా నమ్మకం. ఉబ్బసం లేదు. షుగరు లేదు. “ఏది పోగొట్టుకోలేవమ్మా?” అని అడిగాను. “ఒళ్లు రాకూడదండీ,” అంది తడుముకోకుండా. ఒళ్లు వచ్చే మందులు పక్కన పెట్టాను. నిద్ర సరిగా లేదు కదా అని, పడుకునే ముందు వేసుకునే చిన్న మోతాదు మాత్ర ఒకటి రాశాను. అమిట్రిప్టిలిన్. ఎక్కువ మోతాదులో మనోవ్యాధికి వాడేది. ఆ కొద్దిపాటికి ఒళ్లు రాదులే అనుకున్నాను.

నిద్ర పట్టింది. పట్టింది వదల్లేదు. పొద్దున వ్యాన్ ఎక్కగానే కిటికీకి తల ఆనించి నిద్రపోయేది. ఒకరోజు మాదాపూర్‌లో అందరూ దిగిపోయారు. డ్రైవరు చూసుకోలేదు. రెండో ట్రిప్పుకు వ్యాన్ మళ్లీ నేరేడ్‌మెట్ వచ్చింది. కళ్లు తెరిచేసరికి ఎదురుగా తన ఇల్లే.

“డాక్టరుగారూ, ఆఫీసు అయిపోయిందనుకుని దిగి లోపలికెళ్లిపోయానండీ. మా అత్తయ్య ఇంకా టిఫిను తింటున్నారు,” అంది.

మాటలు పోయిన కోడలు

రెండో మందు టోపిరమేట్. ఫిట్స్‌ది. అప్పట్లో కొత్తగా మైగ్రేన్‌కు వాడటం మొదలుపెట్టాం. ఒళ్లు రాదు, పైగా తగ్గుతుంది. ఆ ఒక్క ముక్క వినగానే సుగుణ చీటీ నా చేతిలోంచి లాగేసుకున్నంత పని చేసింది. వేళ్లు తిమ్మిరెక్కుతాయని, సోడా చప్పగా అనిపిస్తుందని చెప్పాను. ‘కొందరికి మాటలు వెంటనే తట్టవు’ అని కూడా చెప్పాను. చెప్పాననే అనుకుంటున్నాను.

రెండు నెలలకు పన్నెండు రోజుల నొప్పి మూడు రోజులకు దిగింది. నేను కాలరెగరేశాను. సుగుణ మాత్రం నా ఎదుట కూర్చుని, నోరు తెరిచి, ఆగి, కిటికీలోంచి రోడ్డు చూసింది.

“తలనొప్పి బాగుందండీ. కానీ... ఆ... అది... పోతోందండీ.”

“ఏది పోతోందమ్మా?”

“అదేనండీ. నోట్లోంచి వచ్చేది.”

“మాటా?”

“ఆ! మాట!”

మొన్న క్లయింటుతో మీటింగులో, ఏడాదిగా రోజూ మాట్లాడే మనిషి పేరు గుర్తురాక, “మన మిస్టర్... గడ్డం” అందట. ఆయన ఫోన్ లైన్లోనే ఉన్నాడు. ప్రాజెక్టు పేరు రాక “ఆ పెద్దది” అందట. పై మేనేజరు విడిగా పిలిచి, ఇంట్లో అంతా క్షేమమా అని అడిగాడట. ఇంట్లో బీరకాయ అనే మాట రాక, అత్తగారికి చేతులతో కొలత చూపించి, గరుకుగా ఉంటుందని అభినయించిందట.

మందు మార్చాలి. వారం తర్వాత రమ్మని, ఈలోగా మోతాదు కొంచెం కొంచెంగా తగ్గించమని చెప్పి పంపాను.

రెండో రోజున సుగుణ అత్తగారు వచ్చింది. ఒక్కతే, ఆటోలో. పేరు సత్యవతమ్మ. తలుపు దగ్గరగా వేయించి, గొంతు తగ్గించింది.

“బాబూ, మా కోడలికి ఆ బిళ్ళ మార్చీస్తారటకదా. మార్చకండి బాబూ.”

“ఏమమ్మా?”

“తలనొప్పి తగ్గిపోనాది. మనిషి నాజూగ్గా అయినాది. ఇల్లు ఎంత నిమ్మళంగా ఉందో మీకేటి తెలుసు? నానొక మాటంటే తిరిగి అనడానికి దానికి మాటే దొరకట్లేదు. అది ఎతుక్కునేలోపు నాను వంటింట్లోకి ఎలిపోతన్నాను. పెళ్లయి మూడేళ్లయినాది బాబూ, ఇంత సుకం నానెప్పుడూ ఎరగను.”

నవ్వు ఆపుకోవడానికి నేను బీపీ మిషను తీసి ఆమె చేతికే కట్టాను. మందు పేషెంటు కోసమమ్మా, ఇంటి కోసం కాదు అని నచ్చజెప్పాను. ఆమె నమ్మలేదు. వెళ్తూ వెళ్తూ, “పోనీ, అర బిళ్ళయినా ఉంచీయండి,” అంది.

నేను అడగని ప్రశ్న

వారం తర్వాత సుగుణ వచ్చింది. ఇక ఒళ్లు వచ్చినా పర్వాలేదు, మాట పోకపోతే చాలునంది. సరేనని ఇంకో ఫిట్స్ మందు రాశాను. వాల్ప్రొయేట్. మైగ్రేన్‌కు బాగా పనిచేస్తుంది. ఒళ్లు వస్తుందని, కొందరికి జుట్టు రాలుతుందని చెప్పాను. సుగుణ ఏదో అడగబోయి ఆగింది. మాట తట్టలేదేమో అనుకుని నేను పట్టించుకోలేదు. చీటీ తీసుకుని వెళ్లింది.

యాదమ్మ లోపలికొచ్చి తలుపు దగ్గర నిలబడింది.

“సార్, ఆమెను ఆ ముచ్చట అడిగిన్రా?”

“ఏ ముచ్చట?”

“పిల్లల ముచ్చట.”

నేను తలెత్తాను.

“మూడేండ్ల సంది పిల్లల కోసం చూస్తున్నరు సార్. ఇంట్ల ఎవరికీ చెప్పలే, మొగుడికి తప్ప. పోయిన నెల నాలుగు రోజులు ఆలస్యమైతే మస్తు ఆశ పెట్టుకుందట. బెంచి మీద కూసోని నాతోని చెప్పి కండ్లనీళ్లు పెట్టుకున్నది. మీతోని చెప్పనీకి సిగ్గట. మీరేమో అడగరాయె.”

నేను రాసిన మందు కడుపులో బిడ్డకు ప్రమాదం. గర్భం నిలిచిన మొదటి వారాల్లోనే, తల్లికింకా తెలియకముందే, బిడ్డ వెన్నుకు హాని చేయగలదు. టోపిరమేట్ సంగతి అప్పటికి మాకు పూర్తిగా తెలియదు. ఇప్పుడు తెలుసు, అదీ ఆ కోవదే. రెండు నెలలు నా చేత్తో ఇచ్చాను.

“ఎక్కడుంది ఆవిడ?”

“గోలీలు కొననీకి కిందికి పోయింది.”

నేను చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లు దిగాను. వెనకాల యాదమ్మ, “సార్, మెల్లగ, మెల్లగ,” అంటూ దిగుతోంది. షాపాయన అప్పుడే సుగుణకు మందు పొట్లం అందిస్తున్నాడు. నేను మధ్యలో చెయ్యి పెట్టి లాక్కున్నాను. అంతకాలం నా చీటీల మీద అనుమానాలు పుట్టిస్తూ వచ్చిన ఆయన, నేనే వచ్చి నా చీటీ లాక్కోవడం చూసి నోరు తెరిచాడు.

“అమ్మా, ఇది వద్దు. తప్పు నాది. అడగాల్సింది అడగలేదు. పైకి రా,” అన్నాను.

సుగుణ నా కాళ్ల వైపు చూసింది, తర్వాత యాదమ్మ వైపు. ఏం జరిగిందో అర్థమైంది. ఆ రోజు ఆమె మాట తడుముకోలేదు. “నేను చెప్పాల్సింది డాక్టరుగారూ. మీరేమో నిద్ర గురించీ, ఒళ్లు గురించీ అన్నీ అడిగారు. ఇంత అడిగిన మనిషి ఇది అడగలేదంటే, దీనికీ మందుకీ సంబంధం లేదేమో అనుకున్నాను.”

రంగనాథంగారి తిట్లన్నీ కలిపినా ఆ ఒక్క మాటకు సరిపోవు. నేను నిద్ర గురించి అడిగాను, ఎందుకంటే దాని గురించి అడగడం నాకు సులువు. మగడాక్టరు, పెళ్లయిన ఆడపిల్లను ఆ ప్రశ్న అడగడానికి మొహమాటపడ్డాను. దానికి మర్యాద అని పేరు పెట్టుకున్నాను. కుర్ర డాక్టర్లకు చెప్పేదొకటే: అలాంటి మర్యాద ఇంట్లో పెట్టి రండి.

పైకి తీసుకెళ్లి యాదమ్మను కూడా కూర్చోబెట్టాను. ఆ నెల గర్భం లేదని పరీక్ష చేయించాం. టోపిరమేట్ పూర్తిగా ఆపాం. నెలరోజులు ఏ మందూ లేకుండా ఉండి, నొప్పి మళ్లీ తలెత్తాక, ఆడవాళ్ల డాక్టరుతో కూడా మాట్లాడి, ప్రొప్రనొలాల్ తక్కువ మోతాదులో మొదలుపెట్టాం. ఉబ్బసం గురించి నేను మూడుసార్లు అడిగాను. మూడోసారికి సుగుణ, “కావాలంటే బూర ఊది చూపించనాండీ?” అంది. ఆమెకు జహంగీర్ సంగతి తెలియదు, ఊరికే అంది. నేను ఉలిక్కిపడ్డాను.

నొప్పి నెలకు అయిదు రోజులకు వచ్చి ఆగింది. మూడు కాలేదు. అయిదు చాలునంది సుగుణ. మాటలన్నీ తిరిగొచ్చాయి. పెద్ద ప్రాజెక్టు ఆమెకే ఇచ్చారు. మొదటి మీటింగులో ఆ గడ్డం ఆయన్ను పూర్తి పేరుతో నాలుగుసార్లు పిలిచిందట. సత్యవతమ్మ ఒకసారి తన మోకాళ్ల నొప్పులకని వచ్చి, నా వైపు చూసి పెద్ద నిట్టూర్పు విడిచింది.

అప్పటి నుంచి ఆడపేషెంట్లు వస్తే యాదమ్మకు లోపల ఇంకో కుర్చీ వేశాను. నేను మందుల గురించి చెబుతుంటే ఆమె మధ్యలో ఆపి అడిగేది. నాకు తోచనివి అడిగేది. కొన్నాళ్లకు పేషెంట్లు నా వైపు తిరిగి కూర్చోవడమే మానేశారు.

‘నెలసరి ఆలస్యమైన రోజే ఫోన్ చెయ్యమ్మా, మాత్ర ఒక్కసారిగా ఆపొద్దు, ఎలా తగ్గించాలో చెబుతాను’ అని సుగుణకు గట్టిగా చెప్పాను. ఎనిమిది నెలల తర్వాత ఒక ఉదయం క్లినిక్కు ఫోన్ మోగింది. నేనే ఎత్తాను.

“హలో, యాదమ్మగారున్నారా?” సుగుణ గొంతు.

“నేను డాక్టర్ని మాట్లాడుతున్నానమ్మా. చెప్పు.”

“తెలుసండీ. ఒక్కసారి యాదమ్మగారికి ఇవ్వండి. మీతో తర్వాత మాట్లాడతాను.”

ఇచ్చాను. యాదమ్మ విన్నది. “ఏందీ? నిజంగనా? రెండు గీతలొచ్చినయా?” అంటూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. తర్వాత ఏం తినాలో, ఏం మొయ్యకూడదో, అత్తగారికి ఎప్పుడు చెప్పాలో ఒక్కొక్కటే చెప్పడం మొదలుపెట్టింది. బయట బెంచీ నిండా పేషెంట్లు. మాత్ర ఎలా తగ్గించాలో చెప్పడానికి, నా గదిలో, నా టేబులు పక్కన, నా వంతు వచ్చేదాకా నేను నిలబడి ఉన్నాను.